గోడ పొడిగా ఉంది

చెల్లెలు ఫోన్ చేసినప్పుడు నేను షెడ్డులో డ్రమ్ము కడుగుతున్నాను. ముసురు పట్టుకుని వారం కావస్తోంది. రేకుల మీద వాన చప్పుడుకి దాని మాట సరిగా వినబడక, తడి చెయ్యి బట్టలకే తుడుచుకుని మూలకి వెళ్ళి నిలబడ్డాను. మా చెల్లెలికి మంచి కబురైనా చెడ్డ కబురైనా ఒకటే గొంతు. రెండూ అరిచే చెబుతుంది.

"అక్కా, వింటున్నావా? ఒక్క చుక్క లేదే! ఇంత వానకి! గోడ మీద చెయ్యి పెడితే ఎండాకాలంలో పెట్టినట్టే ఉంది. మా అత్తగారైతే మంచం మీంచే నీకు దండం పెట్టేస్తున్నారు."

"పెట్టక చస్తారా? ఆ పగుళ్ళతో ఎంత తంటా పడ్డామో మాకు తెలుసు," అన్నాను. నవ్వుతూనే అన్నాను. "మరి కింద గొట్టాలు బాగా పారుతున్నాయా?"

"గొట్టాలా? వాటిల్లోంచీ రావట్లేదే! అదే కదా చెప్తున్నాను. పూర్తిగా పొడి. కాలవలో దుమ్ముంది, చీపురు పెట్టి ఊడ్చాను. ఏం మందు వేశారోగానీ..."

తరువాత అది ఏమందో నేను వినలేదు. పక్కనున్న డ్రమ్ము పట్టుకుని నిలబడ్డాను.

"అత్తయ్య ఎక్కడున్నారు?"

"వెనక గదిలోనే. భోంచేసి పడుకున్నారు."

"లేపు. లేపి ముందు గదిలోకి తీసుకురా. నేనొస్తున్నాను."

"ఎందుకే? ఇప్పుడే కునుకు పట్టింది, లేపితే నా మీద..."

"చెప్పింది చెయ్యవే!" అని అరిచి ఫోన్ పెట్టేశాను.

పొడిగా ఉన్న గోడని చూసి భయపడటం ఏమిటని మీకు అనిపించవచ్చు. అందుకే ముందు ఆ గోడ సంగతి చెప్పాలి. మా చెల్లెలి ఇంటి వెనక పై వీధి ఉంది. కింది వీధికీ దానికీ రెండు మేడలంత ఎత్తు తేడా. పై వీధి మట్టి కింద పడకుండా ఎప్పుడో కట్టిన కాంక్రీటు గోడ అది. కింది వీధివాళ్ళు ఇళ్ళు వెనక్కి పెంచుకుంటూ పోయి పోయి ఆ గోడకి ఆనించారు. మూడు వైపులా ఇటుక పేర్చుకుంటే నాలుగో గోడ ఊరికే వస్తుంది. చెల్లెలి ఇంట్లో వెనక గది అలా వచ్చిందే.

అలాంటి గోడ వెనక కంకర పోసి ఉంచుతారు. వానకి మట్టిలో దిగిన నీళ్ళు ఆ కంకరలోంచి జారి, గోడ అడుగున వరసగా పెట్టిన గొట్టాల్లోంచి బయట పడాలి. ఆ నీళ్ళు పోవడానికి చెల్లెలి వెనక గదిలో గోడ పొడుగునా చిన్న కాలవ ఉంది. గోడ పగుళ్ళలోంచి మాత్రం నీళ్ళు రాకూడదు. వచ్చేవి. ఏళ్ళ తరబడి వచ్చాయి. గది నిండా బూజు, చెమ్మ. చెల్లెలి అత్తగారికి ఆయాసం. వానాకాలం వచ్చిందంటే ఆవిడ ముందు గదిలో చెల్లెలి కుట్టుమిషన్ల మధ్య కుర్చీలో కూర్చునే తెల్లవార్లూ దగ్గేది. మొన్న వేసవిలో ఆ గోడ బాగుచేసే పని మా ఇంజనీరుగారికే వచ్చింది. నేను ఆయన దగ్గరే పనిచేస్తాను.

కాంక్రీటు పగిలితే సిమెంటు పూయడం అందరూ చేసేదే. మేం పగుల్లోకి సూక్ష్మజీవుల్ని ఎక్కిస్తాం. పాలలా తెల్లగా ఉండే నీళ్ళలో లెక్కలేనన్ని ఉంటాయి. మట్టిలో ఎక్కడైనా ఉండేవే, మనిషిని ఏమీ చెయ్యవు. వాటికి యూరియా ఇస్తే, పొలాల్లో చల్లే యూరియానే, దాన్ని విరగ్గొడతాయి. అప్పుడు అమ్మోనియా పుడుతుంది. అందుకే మా బట్టలు ఎంత ఉతికినా ఆ కంపు పోదు. దానితోపాటే కార్బనేటు పుడుతుంది. పక్కన కాల్షియం కలిసిన నీళ్ళుంటే చాలు, రెండూ కలిసి సున్నపురాయి అవుతాయి. సందు ఎంత సన్ననిదైనా రేణువు మీద రేణువు పేరుకుంటూ పోతుంది. ఆ రాయి ముందుగా పేరుకునేది ఆ జీవి ఒంటి చుట్టూనే. తను పుట్టించిన రాయిలో తనే ఇరుక్కుని చస్తుంది. ఈ మాట నేను చెప్పినప్పుడు చెల్లెలి అత్తగారు "అయ్యో పాపం" అని నిజంగానే బాధపడింది.

వాటిని పెంచేది నేను. పాత డ్రమ్ములోంచి కాస్త తీసి కొత్త డ్రమ్ములో కలపడం, వెచ్చగా ఉంచి మర్నాడు చూసుకోవడం. ఇంట్లో పాలకి తోడు వేసినట్టే. అందుకని పనివాళ్ళు నన్ను తోడక్క అంటారు.

మా పనిలో ఒకటే కట్టడి. జీవులున్న డ్రమ్ముకి ఎర్ర టేపు, యూరియా కాల్షియం ఉన్న డ్రమ్ముకి నీలం టేపు. ఆ రెండూ పగుల్లోనే కలవాలి. అంతకు ముందు ఎక్కడ ఎదురుపడినా అక్కడే రాయి. కొత్తలో ఒకసారి పైపు కడగకుండా రెండోది ఎక్కించాం. పైపు పైపంతా బిగుసుకుపోయింది. ఆ ముక్క కోసి మా ఇంజనీరుగారు బల్ల మీద పెట్టుకున్నారు, మాకు బుద్ధి రావాలని. వచ్చింది. అప్పట్నుంచీ పంపులు వేరు, పైపులు వేరు, చేతితొడుగులు కూడా వేరు. ఎర్రదాన్నీ నీలాన్నీ మేం ఎడంగా ఉంచినంత జాగ్రత్తగా ఎవరూ అత్తాకోడళ్ళని కూడా ఉంచి ఉండరు.

డ్రమ్ములు కడిగిన కడుగునీళ్ళ దగ్గర మాత్రం మా తెలివి తెల్లారింది. మొదట్లో అవి కింది వీధి కాలవలో పారబోసేవాళ్ళం. చెల్లెలే నడుం మీద చెయ్యేసుకుని వచ్చి, "ఆ కంపుకి కుట్టించుకునేవాళ్ళు ఒక్కరూ నా గుమ్మం తొక్కట్లేదు, ఇంకెక్కడైనా పోసుకోండి," అని గొడవ పెట్టుకుంది. పై వీధి అంచున, సరిగ్గా గోడ నెత్తిన, వాననీళ్ళు దిగడానికి జాలీ వేసిన గుంట ఒకటుంది. కింద అంతా ఆ గోడ వెనక కంకరే. ఎంత పోసినా గుటుక్కున మింగేది. కంపు లేదు, గొడవ లేదు. అందరికీ నచ్చింది. ఎర్ర డ్రమ్ము కడుగు అందులోనే, నీలం డ్రమ్ము కడుగు అందులోనే. పని సాగినన్నాళ్ళూ పోశాం. ఎండాకాలం కాబట్టి గొట్టాలు ఎలాగూ పారవు. ఎవరం చూడలేదు.

బండి తీస్తూ ముందు డ్రిల్లు బాబాయిని చెల్లెలి ఇంటికి రమ్మన్నాను, తరువాత ఇంజనీరుగారికి ఫోన్ చేశాను. "సార్, గొట్టాలు పారట్లేదట," అన్నాను.

"ఏ గొట్టాలు?"

"మా చెల్లెలి గోడవి. అన్నీ. సార్, మనం కడుగునీళ్ళు..."

నేను పూర్తి చెయ్యలేదు. ఆయనకి అర్థమైపోయింది. ఆయన ఊరికే కంగారుపడే మనిషి కాదు. ఆ రోజు మాత్రం మాట మీద మాట తోసుకుంటూ చెప్పారు.

"చూడమ్మా, బడి వెనక గోడ కూడా మనమే చేశాం. ఇప్పుడు పిల్లలు లోపలున్నారు. నేను ముందు అక్కడికి పోతాను. నువ్వు అక్కడ మనుషుల్ని బయటికి తియ్యి. గోడని ముట్టుకోకు. బాబాయి డ్రిల్లు పట్టుకొస్తాడు, తేనివ్వకు. వెనక ఎంత నీరు నిలబడిందో మనకి తెలీదు. ఇప్పుడు బెజ్జం వేస్తే ఎటు పోతుందో కూడా తెలీదు. ముందు మనుషులు. విన్నావా?"

విన్నాను. దారి పొడుగునా అదే విన్నాను. వాన మొహం మీద కొడుతుంటే కళ్ళు చికిలించుకుని బండి నడిపాను. పై వీధి మలుపులో ఆ జాలీ గుంట కనబడింది. ఎంత పోసినా మింగే గుంట నిండిపోయి, నీళ్ళు అంచు దాటి రోడ్డు మీదికి పొర్లుతున్నాయి. మింగడం మానేసింది. అది చూశాక బండి వేగం పెంచాను.

డ్రిల్లు బాబాయి నాకంటే ముందే వచ్చి ఉన్నాడు. మా పనిలో కాంక్రీటుకి బెజ్జాలు వేసేది ఆయనే. ఏ కష్టానికైనా ఆయన దగ్గర ఒకటే మందు, బెజ్జం. భుజాన డ్రిల్లు మిషన్ కూడా ఉంది.

"అది కింద పెట్టు బాబాయ్. సార్ వద్దన్నారు. వరసలో ఉన్న ఇళ్ళన్నీ ఖాళీ చేయించు."

"ఒక్క బెజ్జం వేస్తే నీళ్ళు పోతాయి కదమ్మా?"

"నీళ్ళతో పాటు గోడా పోతుంది. పద బాబాయ్, నీకు పుణ్యముంటుంది!"

ఆయన నా మొహం చూశాడు. మిషన్ గుమ్మం పక్కన పెట్టి, సుత్తి తీసుకుని పక్కింటి గేటు మీద బాదడం మొదలుపెట్టాడు.

చెల్లెలు ఇంకా లేపలేదు. తలుపు దగ్గరే ఎదురొచ్చి, "ఏమైందే, దయ్యం పట్టినట్టు వచ్చావు?" అంది. దాన్ని తోసుకుని వెనక గదిలోకి పోయాను.

ఆ గదిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. వేసవి చివర్లో మా మరిది, చెల్లెలి మొగుడు, స్వయంగా లేత పసుపు రంగు వేశాడు. గోడ పక్కన పెద్ద చెక్క మంచం, దాని మీద కొత్త దుప్పటి. కాలవ మీద పలక వేసి దాని మీద చెప్పులు, మందుల డబ్బా సర్దుకున్నారు. మంచం మీద అత్తయ్య గోడవైపు తిరిగి హాయిగా గురక పెడుతోంది. దగ్గు లేదు, పిల్లికూతలు లేవు. ఆ గోడకీ ఆవిడ మొహానికీ మధ్య జానెడు లేదు.

నేను కింద కూర్చుని పలక తీశాను. గొట్టంలో వేలు పెట్టాను. రెండు కణుపుల లోతుకి పోయి ఆగిపోయింది. గరుకుగా, గట్టిగా తగిలింది. గోటితో గీరితే తెల్లని పొడి వచ్చింది. వాసన చూశాను. సన్నగా అమ్మోనియా. నేను పెంచినదే, వేరే ఎవరో పెంచింది కాదు. పక్క గొట్టం చూశాను, అదీ అంతే. ఆ పక్కదీ అంతే. లోపల కంకర మొత్తం ఒకే బండగా అతుక్కుపోయి ఉంటుంది. దాని వెనక వారం రోజుల వాన నిలబడి ఉంది.

పక్క సందులోకి తెరుచుకునే రేకు తలుపు ఒకటుంది ఆ గదికి. ఆవిణ్ణి అటునుంచి తీసుకుపోదామని తీయబోతే కదల్లేదు.

"అది నిన్నట్నుంచీ పట్టేస్తోందే. వానకి ఉబ్బినట్టుంది," అంది చెల్లెలు.

"రేకు ఉబ్బుతుందటే?"

అది నోరు తెరిచి నా వైపు చూసింది. అప్పటికి దానికి అర్థమైంది. తలుపు చట్రం పైన ఇటుకల మధ్య కొత్త గీత. పెద్ద గోడ మీద కూడా, మేం అతికించిన పగులుకి బాగా కింద, నడుమెత్తున, పసుపు రంగు వెంట్రుకవాసి చీలి ఉంది. నేను చూస్తుండగానే అక్కణ్ణుంచి చిన్న పెచ్చు ఊడి దిండు మీద పడింది.

"అత్తయ్యా, లేవండి. లేవండత్తయ్యా!"

ఆవిడ కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వింది. "వచ్చావా? నిన్నే తలుచుకుంటున్నాను. నీ గోడ చూడు, వానని వెక్కిరిస్తున్నట్టుంది."

"ముందు గదిలోకి కూడా వద్దు, వీధిలోకే పోవాలి. గొట్టాలు మూసుకుపోయాయి. వెనక నీళ్ళు నిండిపోయాయి."

"మూసుకుపోతే మంచిదేగా? ఇన్నేళ్ళూ ఆ నీళ్ళే కదా నా ప్రాణాలు తోడింది."

"పోవాల్సిన నీళ్ళు పోవట్లేదత్తయ్యా. నిలబడి గోడని తోస్తున్నాయి."

"ఎవరు మూశారు?"

"మేమే. నేనే."

ఆవిడ తీరిగ్గా దుప్పటి సర్దుకుంది. "నీ పురుగులు రాయి కట్టాయన్నావుగా? రాయి గట్టిదేగా? మళ్ళీ ఈ కంగారెందుకు?"

"అత్తయ్యా, అక్క చెప్తోంది కదా, లేవండి," అంది చెల్లెలు.

"మీ అక్క చెబితేనే ఇక్కడ పడుకున్నాను. ఇప్పుడు మీ అక్క చెబితేనే లేవాలా? ఒక మాట మీద ఉండమను. నేను రానంటుంటే ఈ గోడకి చెంప ఆనించి, 'పూచీ నాది అత్తయ్యా, మీరు నిశ్చింతగా పడుకోండి' అంది. అన్నావా లేదా?"

అన్నాను. సరిగ్గా అలాగే అన్నాను. ఆ రోజు ఎంత గర్వంగా ఉందో కూడా గుర్తుంది.

చెయ్యి పట్టుకుని లాగాను. ఆవిడ మంచం కోడు పట్టేసుకుంది. మనిషి భారీ మనిషి, మోకాళ్ళు ఆడవు, పట్టు మాత్రం ఉడుంపట్టు. నేనూ చెల్లెలూ కలిసి లాగినా అంగుళం కదల్లేదు. "ముట్టుకున్నారంటే అరుస్తాను! మళ్ళీ ఆ కుర్చీలో కూర్చుని తెల్లార్లూ దగ్గడం నా వల్ల కాదు. నా కొడుకు బస్సు దిగి వచ్చాక చూద్దాం," అని కళ్ళు మూసుకుంది. ఆవిడ కొడుకు వచ్చేసరికి దీపాలు పెడతారు.

గోడలో ఎక్కడో టిక్కుమంది. చిన్న చప్పుడు, గోరు విరిచినంత.

"నువ్వు బయటికి పో," అన్నాను చెల్లెలితో.

"నేను పోను."

"పోతావా, చెంప పగలగొట్టనా?" నా జన్మలో దాన్ని అంత మాట అనలేదు. అది చీరకొంగు నోట్లో కుక్కుకుని వెళ్ళిపోయింది.

ఆ గదిలో ఇక ఏం చెయ్యాలో నాకు తోచలేదు. పారిపోవాలని ఉంది. నిజం చెప్పాలంటే ఒళ్ళంతా అదే అంటోంది, గుమ్మం అక్కడుంది, పో, అని. ఆవిణ్ణి అక్కడ పడుకోబెట్టింది నేను. వదిలి పోతే ఆ తరువాత నేను ఎక్కడికి పోయినా లాభం లేదు.

"సరే, కాస్త జరగండి," అన్నాను.

"ఏమిటి?"

"జరగండి. నేనూ పడుకుంటాను."

ఆవిడ ఆశ్చర్యంగా జరిగింది. నేను ఆవిడకీ గోడకీ మధ్య దూరి వెల్లకిలా పడుకున్నాను. భుజం గోడకి తగిలింది. పొడిగా, చల్లగా ఉంది. కళ్ళు మూసుకుంటే ఇంకా భయమేసింది, తెరిస్తే ఆ చీలిక కనబడుతోంది. పళ్ళు కరచుకున్నాను.

కాసేపటికి అత్తయ్య తల ఎత్తింది. గొంతు మారింది.

"అమ్మాయీ, మంచం వణుకుతోందే. గోడ కదులుతోందా?"

"గోడ కాదత్తయ్యా. నేను."

ఆవిడ లావుపాటి వెచ్చని చెయ్యి తెచ్చి నా గుండె మీద వేసింది. అక్కడే కాసేపు ఉంచింది.

"ఇంత భయమేమే?"

"చచ్చేంత భయంగా ఉంది."

"మరెందుకు పడుకున్నావు?"

"పూచీ నాదన్నాను కదా."

"పిచ్చి మొద్దా!" అని ఆవిడ మోచేతి మీద లేచింది. "ముందే ఏడిస్తే సరిపోయేదిగా, నీళ్ళూ గొట్టాలూ అని ఉపన్యాసం ఎందుకు? లే. నన్ను పట్టుకో. నా చెప్పులేవి?"

"చెప్పులొద్దత్తయ్యా!"

"వట్టి కాళ్ళతో వీధిలోకి రాను."

చెప్పులు తీసిచ్చాను. ఒకటి తొడుక్కుంది. రెండోది మంచం కిందకి జారింది. వంగి తీశాను. ఆ కాస్త సేపట్లో నేను ఎంతమంది దేవుళ్ళని తిట్టుకున్నానో వాళ్ళకే తెలుసు. ఆవిడ నా మెడ చుట్టూ చెయ్యి వేసింది. అడుగులో అడుగు. వంటగదిలోంచి, కుట్టుమిషన్ల మధ్య నుంచి, గుమ్మం దాటి, వానలోకి. మా వెనక ఇంకోసారి టిక్కుమంది, ఈసారి కాస్త పెద్దగా.

వీధికి అవతల మూసి ఉన్న కొట్టు పంచన వరస ఇళ్ళవాళ్ళందరూ గుమిగూడి ఉన్నారు. బాబాయి ఎవరినీ వదల్లేదు. ఒకాయన మొహానికి సబ్బు నురగతోనే వచ్చాడు. అత్తయ్యని చక్రాల కుర్చీలాంటిదేదో తెచ్చి కూర్చోబెట్టారు. అందరూ గోడవైపు చూశారు. ఇళ్ళ కప్పుల మీదుగా దాని తల కనబడుతోంది. నిలబడే ఉంది.

చూశాం. వాన పడుతూనే ఉంది. గోడ నిలబడే ఉంది.

"ఏమైందమ్మా? బాగానే ఉందిగా?" అన్నాడు సబ్బు నురగ ఆయన. ఇంకొకరు పొయ్యి మీద పాలున్నాయన్నారు. నేను గోడ పడకూడదని మొక్కుకున్నాను. పడకపోతే వీళ్ళందరూ మళ్ళీ లోపలికి పోతారని భయపడ్డాను. ఏది కోరుకోవాలో తెలియని భయం అంతకుముందు నేనెరగను.

తడిగాలికి అత్తయ్యకి పిల్లికూతలు మొదలయ్యాయి. గుండె పట్టుకుని, "నా పీల్చే మందు... డబ్బాలో... మంచం దగ్గర," అంది. పెదాలు నల్లబడుతున్నాయి.

నేను ఆవిడ వీపు నిమురుతూ తల ఎత్తేసరికి చెల్లెలు వీధి మధ్యలో ఉంది. ఇంటివైపు పరుగెత్తుతోంది. నేను ఎలా పోయానో తెలియదు, గుమ్మం మెట్టు మీద దాని జడ దొరికింది. దొరికినదాన్ని దొరికినట్టు పట్టుకుని వెనక్కి ఈడ్చాను.

"జుట్టు వదలవే! మందు! ఆవిడ చచ్చిపోతారే! వదులు!" అది నా చెయ్యి కొరికింది. నేను వదల్లేదు.

అప్పుడు ఇంటి కప్పు మీదున్న నీళ్ళ ట్యాంకు మెల్లగా పక్కకి ఒరిగింది. చప్పుడు దాని తరువాతే వచ్చింది. పాదాల కింద రోడ్డు అదిరింది. తెరిచి ఉన్న గుమ్మంలోంచి బురదనీళ్ళు నడుమెత్తున బయటికి దూకి మమ్మల్నిద్దర్నీ వీధిలోకి ఈడ్చుకుపోయాయి. కంకర, పసుపు రంగు పెచ్చులు, కుట్టడానికి ఇచ్చిన బట్టలు, అన్నీ మా మీదుగా పోయాయి. బాబాయి వచ్చి మమ్మల్ని లేపేసరికి దాని జడ ఇంకా నా పిడికిట్లోనే ఉంది.

మందు ఎవరో మందుల షాపు నుంచి పరుగున తెచ్చారు. అత్తయ్య పీల్చింది. రెండోసారి పీల్చాక పెదాలకి రంగు వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. బడి దగ్గర గొట్టాలు ధారాళంగా పారుతున్నాయని ఇంజనీరుగారు ఫోన్ చేసి చెప్పి, చెప్పలేక ఏడ్చారు. అక్కడ కంపని ఎవరూ గొడవ చెయ్యలేదు. కడుగునీళ్ళు రోడ్డు కాలవలోనే పోశాం.

వాన తెరిపిచ్చాక, ఆయన వచ్చాక, అగ్నిమాపకం వాళ్ళ వెనకే మేం ఇద్దరం లోపలికి పోయాం. ముందు గది ఉంది. వెనక గది లేదు. గోడ నడుమెత్తున, ఆ కొత్త చీలిక దగ్గర విరిగింది. పై ముక్క ఒకటి, తలుపంత ముక్క, మంచం మీద పడి ఉంది. మంచం కనబడటం లేదు, దుప్పటి అంచు మాత్రం కనబడుతోంది. ఆ ముక్క మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తెల్లటి గీత. వేసవిలో మేం అతికించిన పగులు. అంత ఎత్తు నుంచి పడినా ఎక్కడా విడలేదు. ఇంజనీరుగారు దాని మీద బొటనవేలు పెట్టి కాసేపు రాశారు. ఇంకో రోజైతే ఫొటో తీసి పదిమందికీ చూపించి ఉండేవారు.

బయటికి వచ్చేసరికి అత్తయ్య నా కోసమే చూస్తోంది. దగ్గరికి పిలిచి, చెల్లెలు కొరికిన నా చెయ్యి పట్టుకుంది.

"నా మంచం?" అంది.

తల అడ్డంగా ఊపాను.

ఆవిడ ఇంటివైపు చూసింది. ఇంటి గుమ్మంలోంచి ఎర్రమట్టి నీళ్ళు మెట్టు దిగి, వీధి కాలవలో పడి, చప్పుడు చేసుకుంటూ పోతున్నాయి.

"ఇప్పుడెలా ఉంది గోడ?"

"మిగిలిందంతా కారుతోందత్తయ్యా."

"కారనీ," అంది ఆవిడ. నా చేతిని రెండు చేతులతో అదిమి పట్టుకుంది. "కారనీ తల్లీ, కారనీ."